జోన్ సరే, రింగుల మాటేంటి?

ములుగు భూకంపం గుర్తుందిగా? 2024 డిసెంబర్ 4, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. భూమికి 40 కిలోమీటర్ల లోతున కదలిక పుట్టిందనీ, తీవ్రత 5.3 అనీ జాతీయ భూకంప కేంద్రం ప్రకటించింది. వరంగల్, ఖమ్మం, భద్రాచలం, హైదరాబాద్, విజయవాడ... ఎక్కడెక్కడి జనమో ఇళ్లలోంచి రోడ్డు మీదికొచ్చారు. అదృష్టం బాగుండి పెద్ద నష్టం జరగలేదు. సాయంత్రానికి అంతా మామూలే.

ఆ తర్వాత వారం పది రోజుల పాటు నాకు ఎదురుపడిన ప్రతివాళ్లూ, సివిల్ ఇంజినీరుగా ముప్ఫై ఏళ్లు పనిచేసినవాణ్ణి కదా అని, రెండే ప్రశ్నలు అడిగారు. ఒకటి, "మళ్లీ ఎప్పుడొస్తుందండీ?" రెండు, "మనది ఏ జోను?"

మొదటి ప్రశ్నకు ప్రపంచంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఫలానా రోజు, ఫలానా ఊళ్లో, ఇంత భూకంపం వస్తుందని చెప్పే విద్య ఇంకా పుట్టలేదు. వాట్సాప్‌లో ఎవరైనా తేదీతో సహా పంపిస్తే తీసి అవతల పారేయండి. రెండో ప్రశ్నకు జవాబుంది. ఎటొచ్చీ మనం ఆ జవాబుని వినే పద్ధతిలోనే ఉంది చిక్కు. "జోన్ 2" అనగానే "హమ్మయ్య" అంటాం. "జోన్ 3" అంటే ఓ నిమిషం భయపడి, మూడంటే మధ్యస్తమేగా అని సర్దుకుంటాం. ఆ అంకె మన ధైర్యం కోసం పుట్టలేదు. మన పిల్లర్ల కోసం పుట్టింది. అది మ్యాపులోంచి బయల్దేరి మన పిల్లర్ దాకా ఎలా రావాలో, దారిలో ఎక్కడ ఆగిపోతోందో ఈ వారం చూద్దాం.

అలుగు ఎత్తు ఎంత?

మన ఊళ్లలో చెరువులు కట్టిన పెద్దల్ని తలుచుకోండి. పెద్ద వరద ఏ సంవత్సరం వస్తుందో వాళ్లకు తెలుసా? తెలీదు. కానీ పైనుంచి ఎన్ని వాగులు వచ్చి కలుస్తాయి, గట్టి వాన కురిస్తే నీళ్లు ఎందాకా ఎక్కుతాయి, పాత రోజుల్లో ఎందాకా ఎక్కాయి అని చూసుకుని కట్ట ఎత్తు నిర్ణయించారు, అలుగు పెట్టారు. తేదీ తెలీకపోయినా పని ఆగలేదు.

భూకంపాల విషయంలో ఇంజినీర్లు చేసేదీ ఇదే. దీన్ని భూకంప ముప్పు అంచనా అంటారు. "ఈ చోట, ఈ భవనం నిలిచి ఉండే కాలంలో, నేల ఎంత గట్టిగా ఊగే అవకాశం ఎంత?" అన్నదే ప్రశ్న. చెరువుకు అలుగు ఎత్తు ఎలాగో, భవనానికి ఈ అంకె అలాగ.

లెక్క ఎలా కడతారు?

నాలుగు మెట్లు ఉంటాయి.

మొదటిది, భూకంపం ఎక్కడ పుట్టగలదో చూడటం. భూమి లోపలి పగుళ్లు, పాత భూకంపాల చిట్టా. మన దగ్గర గోదావరి లోయ వెంబడి భూమి పొరలు ఏనాడో చీలి మధ్యభాగం దిగబడిన పట్టీ ఒకటుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం ఆ పట్టీలోదే. అంతకు రెండేళ్ల ముందు, 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 వచ్చింది. ములుగు ఒక్కసారిగా ఆకాశం నుంచి ఊడిపడిందేమీ కాదన్నమాట.

రెండోది, ఎంత తరచుగా రాగలదో లెక్కకట్టడం. ప్రకృతిలో దీనికో క్రమం ఉంది. తీవ్రత ఒక అంకె పెరిగితే అలాంటి భూకంపాల సంఖ్య దాదాపు పదో వంతుకు తగ్గుతుంది. విడుదలయ్యే శక్తి మాత్రం దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. చిన్నవి ఎన్ని వచ్చాయో నమోదు చేసుకుంటూ పోతే, పెద్దది ఎంత అరుదో కొంత అంచనాకు వస్తుంది. హైదరాబాద్‌లో మన ఎన్‌జీఆర్‌ఐ లాంటి సంస్థలు ఎవరికీ తెలియని చిన్న చిన్న కదలికల్ని కూడా ఓపిగ్గా రాసిపెట్టుకునేది ఇందుకూ పనికొస్తుంది.

మూడోది, పుట్టిన చోటి నుంచి మన దాకా వచ్చేసరికి ఊపు ఎంత తగ్గుతుందో చూడటం. దక్కన్ లాంటి పాత గట్టి రాతి నేలలో కదలిక చాలా దూరం పోతుంది. ములుగులో పుడితే విజయవాడలో తెలిసింది అందుకే.

నాలుగోది, మీ ఇంటి కింద ఉన్న మట్టి. దీని సంగతి కాసేపట్లో.

ఈ నాలుగింటినీ కలిపి, దగ్గరా దూరం, చిన్నా పెద్దా అన్ని అవకాశాలనూ కూడి ఒక అంకెగా తేల్చే పద్ధతిని 1968లో అలిన్ కార్నెల్ అనే అమెరికన్ ఇంజినీరు చూపించాడు. ఆ దారిలో వచ్చిందే మీరు ఎక్కడో విని ఉండే "475 ఏళ్ల భూకంపం" అన్న మాట. దీన్ని చాలామంది పొరబడతారు. "ఒకసారి వచ్చిందంటే మళ్లీ 475 ఏళ్ల దాకా రాదు" అనుకుంటారు. అలా కాదండీ. ఏ ఏడాదైనా ఆ స్థాయి ఊపు రావడానికి 475లో ఒక వంతు అవకాశం. ఒక భవనం 50 ఏళ్లు ఉంటుందనుకుంటే, ఆ 50 ఏళ్లలో అంత ఊపు చూసే అవకాశం దాదాపు 10 శాతం. ఒకదానికొకటి సంబంధం లేనంత దూరంలో పది ఊళ్లు ఉన్నాయనుకోండి. సగటున అందులో ఒక ఊరు తన 50 ఏళ్లలో దాన్ని చూస్తుంది. ఆ ఒక్క ఊరు మనది కాకూడదని దండం పెట్టుకోవచ్చు. పెట్టుకుంటూనే పిల్లర్లు సరిగ్గా కట్టుకోవాలి.

భూకంపాలు దిద్దిన మ్యాపు

మన దేశానికి భూకంప జోన్ల మ్యాపు 1962లో మొదలైంది. భారత ప్రమాణాల సంస్థ వెలువరించే ఐఎస్ 1893 అనే కోడ్‌లో అది ఉంటుంది. మొదట్లో సున్నా నుంచి ఆరు దాకా ఏడు జోన్లు ఉండేవి. ప్రధానంగా అప్పటిదాకా వచ్చిన భూకంపాలను, భూగర్భ స్వరూపాన్ని చూసి గీసిన మ్యాపు అది. గతంలో ఊగిన చోట రంగు ముదురుగా పడింది. ఊగినట్టు రికార్డు లేని చోట తేలిగ్గా పడింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. మహారాష్ట్రలో కొయనా డ్యామ్ ఉన్న ప్రాంతాన్ని ముప్పు దాదాపు లేనిదిగా లెక్కవేశారు. 1967 డిసెంబర్ 11న అక్కడ 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు 180 మంది చనిపోయారు. డ్యామ్‌కు పగుళ్లు వచ్చినా అదృష్టవశాత్తూ నిలబడింది, తర్వాత దాన్ని బలపరిచారు. 1970లో మ్యాపు మార్చారు. సున్నా జోన్ ఎత్తేశారు. "ముప్పే లేని చోటు" అనే మాట అప్పటితో చెల్లిపోయింది.

తర్వాత కిల్లారి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, నాలుగింటికి కాస్త ముందు. వినాయక నిమజ్జనం ముగించుకుని వచ్చి జనం ఆదమరిచి పడుకున్న రాత్రి. లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల్లో దాదాపు 8 వేల మంది ప్రాణాలు పోయాయి. 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న హైదరాబాద్‌లోనూ ఆ ఊపు తెలిసింది. మ్యాపులో కిల్లారి ఏ జోన్‌లో ఉందో తెలుసా? జోన్ 1. అన్నిటికన్నా భద్రమైనదన్న జోన్. తీవ్రత 6.2 మాత్రమే. అంత మంది పోవడానికి కారణం భూకంపం ఒక్కటే అనుకుంటే పొరపాటు. మట్టి పెట్టి పేర్చిన లావుపాటి రాతి గోడలు, వాటి మీద చెక్క దూలాలు, ఆ పైన ఎండకు చల్లగా ఉంటుందని మందంగా వేసిన మట్టి కప్పు. గోడ విచ్చుకుంది, కప్పు మొత్తం పడుకున్నవాళ్ల మీద పడింది.

2002లో జోన్ 1నీ ఎత్తేసి 2లో కలిపేశారు. 2, 3, 4, 5 మిగిలాయి. 2016 నాటి కోడ్‌లోనూ ఆ నాలుగే. హైదరాబాద్, విశాఖపట్నం జోన్ 2. విజయవాడ, ఒంగోలు, భద్రాచలం జోన్ 3. అంటే జోన్ 2 అన్నది పట్టికలో అట్టడుగు మెట్టు, అంతే. దాని కింద "భయం లేదు" అనే మెట్టు ఇంకోటి లేదు.

ఇలా ప్రతిసారీ భూకంపం వచ్చి మ్యాపుని దిద్దడం, ఆ దిద్దుబాటుకు జనం ప్రాణాలతో వెల కట్టడం ఏం పద్ధతి? గతం మీద ఒక్కదాని మీదే ఆధారపడకుండా, కార్నెల్ చెప్పినట్టు అవకాశాలన్నీ లెక్కకట్టి మ్యాపు గీయాలని నిపుణులు ఎప్పటినుంచో చెబుతున్నది అందుకే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దేశం మొత్తానికీ అలాంటి మ్యాపులు తయారు చేయించింది కూడా. వాటికీ పరిమితులు లేకపోలేదు. పరికరాలతో కొలిచిన చరిత్ర మనకు అరవై డెబ్బై ఏళ్లకు మించి లేదు, దాంతో 475 ఏళ్ల సంగతి చెప్పాలి. అందుకే ఏ అంచనా అయినా కొంత అటూ ఇటూ ఉంటుంది. అలుగు ఎత్తు లెక్కగట్టినా కట్ట మీద ఇంకో రెండడుగులు ఎందుకు వదులుతారో ఇక్కడ కూడా అందుకే వదలాలి.

మ్యాపు తప్పలేదు, మరి?

2001 జనవరి 26. గణతంత్ర దినోత్సవం, ఉదయం 8 గంటల 46 నిమిషాలు. కచ్‌లో 7.7 తీవ్రత. ఈసారి మ్యాపు తప్పలేదు. కచ్ అప్పటికే జోన్ 5, అన్నిటికన్నా ప్రమాదకరమైనదిగా గుర్తించిన ప్రాంతం. అయినా 13 వేల మందికి పైగా చనిపోయారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అహ్మదాబాద్. భూకంపం పుట్టిన చోటికి 200 కిలోమీటర్లకు పైగా దూరం. మన విజయవాడ లాగే జోన్ 3. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లు కూలాయి, వందల మంది పోయారు. కూలినవాటిలో ఎక్కువ భాగం మనకు బాగా తెలిసిన రకమే: కింద కార్ల పార్కింగ్ కోసం గోడలు లేకుండా వదిలేసిన పిల్లర్లు, పైన నాలుగైదు అంతస్తుల నిండా ఇటుక గోడలు. పైభాగం ఒక పెట్టెలా బిగుసుకుని ఉంటుంది. కిందది మాత్రం కర్రకాళ్ల మీద నిలబడ్డట్టు. ఊపు వచ్చినప్పుడు పైనంతా ఒక్క ముక్కగా కదిలి, ఆ భారం మొత్తం కింది పిల్లర్ల మీద పడుతుంది.

అహ్మదాబాద్‌లో జోన్ 3 అన్న అంకె కోడ్ పుస్తకంలో ఉంది. పిల్లర్‌లో లేదు.

నలభై టన్నుల కథ

ఇక్కడ కాస్త లెక్క చెబుతాను, విసుక్కోకండి. దీన్లోనే ఉంది అసలు కిటుకు.

1000 టన్నుల బరువున్న ఓ మామూలు నాలుగైదు అంతస్తుల నివాస భవనం అనుకుందాం. 2016 కోడ్ ప్రకారం జోన్ 2కి అంకె 0.10. జోన్ 3కి 0.16. జోన్ 4కి 0.24, జోన్ 5కి 0.36. డిజైన్‌కు అందులో సగం తీసుకుంటారు. పొట్టి భవనాలు నేల కన్నా ఎక్కువగా ఊగుతాయి కాబట్టి రెండున్నర రెట్లు చేస్తారు. హైదరాబాద్‌లో ఆ భవనాన్ని భూకంపం పక్కకు తోసే బలం 125 టన్నులు అని తేలుతుంది. విజయవాడలో అయితే 200 టన్నులు.

మరి విజయవాడలో భవనాన్ని 200 టన్నులకు డిజైన్ చేస్తారా? చేయరు. 40 టన్నులకే చేస్తారు. హైదరాబాద్‌లో మామూలు ఫ్రేమ్ అయితే దాదాపు 42 టన్నులకు. ఆశ్చర్యంగా లేదూ? ముప్పు ఎక్కువ ఉన్న ఊళ్లో డిజైన్ బలం ఎక్కువ లేదు, ఓ పిసరు తక్కువే!

ఎందుకంటే కోడ్ ఒక తగ్గింపు ఇస్తుంది. ఇనుము ఉన్న కాంక్రీట్ పుటుక్కున విరగకుండా, సాగి, వంగి, పగుళ్లు వచ్చినా కూలకుండా నిలబడగలిగితే, బలాన్ని తగ్గించి డిజైన్ చేసుకోవచ్చంటుంది. గాలివానకు తాటిచెట్టు ఊగుతుంది చూడండి, ఆ ఊగడంలోనే దాని బతుకు ఉంది. జోన్ 2లో మామూలు ఫ్రేమ్‌కి తగ్గింపు మూడో వంతుకు. జోన్ 3లో మామూలు ఫ్రేమ్‌ని కోడ్ అసలు ఒప్పుకోదు. ఐఎస్ 13920 అనే ఇంకో కోడ్ చెప్పినట్టు ప్రత్యేకంగా ఇనుము కట్టిన ఫ్రేమే వేయాలి. అలా చేస్తేనే అయిదో వంతుకు తగ్గింపు.

ఏమిటా ప్రత్యేకం? పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పిల్లర్‌కీ బీముకీ కలిసే చోట, పైనా కిందా, రింగులు దగ్గర దగ్గరగా వేయాలి. రింగు కొనలు 135 డిగ్రీలు వంచి లోపలికి తోయాలి. సైట్లలో మామూలుగా చేసేది 90 డిగ్రీల వంపు. అది చూడటానికి బాగానే ఉంటుంది. ఊపుకి పిల్లర్ పై పెచ్చు ఊడగానే ఆ కొన విప్పుకుంటుంది, రింగు తెరుచుకుంటుంది, లోపలి నిలువు రాడ్లు వెదురుబద్దల్లా బయటికి ఉబ్బుతాయి. లోపలికి వంచిన కొన అయితే పెచ్చు ఊడినా గుండె కాంక్రీట్‌లో పాతుకుని ఉంటుంది, పిల్లర్‌ని విడిచిపెట్టదు.

అంటే 200 టన్నుల్లో 160 టన్నుల తగ్గింపుకు మనం చెల్లించే ధర ఆ రింగులే. తగ్గింపు తీసుకుని రింగులు ఎగ్గొట్టిన బిల్డింగు, సరుకు తెచ్చుకుని డబ్బు కట్టని ఖాతా లాంటిది. ఖాతా ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. తేదీ మాత్రం చెప్పరు.

మా బావమరిది ఇల్లు

ఈ మధ్య విజయవాడ శివార్లలో మా బావమరిది ఇల్లు కడుతుంటే చూడ్డానికి వెళ్లాను. కింద పార్కింగ్, పైన మూడు అంతస్తులు.

"బావా, మనది జోన్ మూడంట. మూడంటే నడుమేగా, పర్లేదుగా?" అన్నాడు.

"పర్లేదో లేదో జోన్ చెప్పదురా. పద, రింగులు చూద్దాం" అన్నాను.

మొదటి అంతస్తు పిల్లర్లకు ఇనుము కట్టి ఉంది. రింగులన్నీ 90 డిగ్రీలే. కింద నుంచి పై దాకా ఒకే దూరం. డ్రాయింగ్ అడిగితే తెచ్చారు. అందులో 135 డిగ్రీలు అని స్పష్టంగా గీసి ఉంది. డిజైన్ చేసినాయన తన పని తాను చేశాడు. అంకె అక్కడి దాకా భద్రంగానే వచ్చింది. కాగితానికీ రాడ్డుకీ మధ్య ఆగిపోయింది.

మేస్త్రీ మంచివాడే. పనిమంతుడు. "వంద బిల్డింగులు కట్టానండీ. ఒక్కటి పడలేదు" అన్నాడు.

"నిజమే మేస్త్రీ గారూ. వాటిని పడేసేంత ఊపు ఇంకా రాలేదు కదా" అన్నాను.

ఆయన నవ్వి, "అది వంచాలంటే రాడ్డు ఎక్కువ పడుద్ది, టైము ఎక్కువ పడుద్ది. కూలీ గిట్టదండీ. అడిగినోళ్లు కూడా లేరు ఇప్పటిదాకా" అన్నాడు. ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. అడిగినవాళ్లు లేరు! ఈశాన్యం పెరిగిందా, మెట్లు బేసి సంఖ్యలో వచ్చాయా, సింహద్వారం ఎటుంది అని మనం మేస్త్రీని నూరుసార్లు అడుగుతాం. రింగు కొన ఎటు వంగింది అని ఒక్కసారీ అడగం.

మా బావమరిది అదనపు కూలీ ఇస్తానన్నాడు. ఆ అంతస్తు రింగులు విప్పించి మళ్లీ కట్టించారు. రెండు రోజులు పట్టింది. ఇంటి మొత్తం ఖర్చు ముందు అదెంత? హాల్లో టైల్స్ ఒక రకం నుంచి ఇంకో రకానికి మారిస్తే అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది.

నేల మాట

నాలుగో మెట్టు తర్వాత చెబుతానన్నాను కదా. 1985 సెప్టెంబర్ 19న మెక్సికోలో 8 తీవ్రతతో భూకంపం వచ్చింది. పుట్టింది సముద్రతీరంలో. ఎక్కువగా కూలింది అక్కడికి 350 కిలోమీటర్ల పైన ఉన్న మెక్సికో సిటీ. అదీ నగరం మొత్తం కాదు. పాత చెరువు పూడిపోయి మెత్తటి బంకమట్టి మిగిలిన భాగం. ఆ మట్టి రెండు సెకన్లకోసారి చొప్పున ఊగింది. అదే లయలో ఊగే ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఉయ్యాలని దాని లయకు తగ్గట్టు తోస్తే ఎలా పైపైకి పోతుందో అలాగన్నమాట. అదే నగరంలో గట్టి నేల మీద ఉన్న పేటలకు చాలావరకు ఏమీ కాలేదు.

ఇప్పుడు మన వైపు చూడండి. విజయవాడలో కొండరాయి ఉంది, పక్కనే కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు నేల ఉంది. రెండూ జోన్ 3నే. హైదరాబాద్‌లో బండరాయి మీద కాలనీలు ఉన్నాయి, పూడ్చిన చెరువు శిఖాల్లోనూ కాలనీలు ఉన్నాయి. రెండూ జోన్ 2నే. జోన్ల మ్యాపు దేశం మొత్తానికి గీసింది. అందులో మీ వీధి కనిపించదు. రాయి మీద ఇల్లూ పూడిక మీద ఇల్లూ ఒకేలా ఊగవు.

వీధి స్థాయి తేడాలు చూపించే మ్యాపులు వేరే ఉంటాయి. బోర్లు వేసి మట్టి పరీక్షలు చేసి, ఎక్కడ ఊపు పెరుగుతుంది, ఎక్కడ నీళ్లున్న ఇసుక నేల ఊపుకి బురదలా జారిపోతుంది అని నగరాన్ని గళ్లుగా విడదీసి చూపిస్తారు. జబల్‌పూర్, ఢిల్లీ, బెంగళూరు, గువాహటి లాంటి నగరాలకు ఈ పని జరిగింది. దాని ఉపయోగం ఇంజినీరు కన్నా ఊరి ప్లాను వేసేవాళ్లకు ఎక్కువ. ఆసుపత్రి ఎక్కడ పెట్టాలి, అగ్నిమాపక కేంద్రం ఏ నేల మీద ఉండాలి, ఏ పేటకు ఎన్ని అంతస్తుల అనుమతి ఇవ్వాలి, ఏ పాత బడిని ముందు బలపరచాలి, ఏ వంతెన కూలితే సగం ఊరికి అంబులెన్స్ అందదు... ఇవన్నీ భూకంపం వచ్చాక ఆలోచించే సంగతులా?

కోడ్ ఆసుపత్రులకూ, బడులకూ మామూలు ఇళ్లకన్నా ఒకటిన్నర రెట్లు బలం ఉండాలంటుంది. దానికి అర్థం సులువు. అన్నీ కూలినా, దెబ్బ తగిలినవాళ్లని ఎక్కడికి తీసుకెళ్లాలో ఆ కప్పు కూలకూడదు.

ఇంతకీ భయపడాలా?

"ఎప్పుడో వచ్చేదానికి ఇప్పుడెందుకండీ ఇంత ఖర్చు?" అనేవాళ్లు ఉంటారు. సబబైన ప్రశ్నే. జోన్ 2లో ఉన్నవాళ్లు జోన్ 5 వాళ్లలా కట్టుకోనక్కర్లేదు. ముప్పు అంచనా ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్పినట్టే, ఎక్కడ పెట్టనక్కర్లేదో కూడా చెబుతుంది. బీదరాష్ట్రం కోట్లు కుమ్మరించి ప్రతి కట్టడాన్నీ కోటలా మార్చలేదు, మార్చనక్కర్లేదు కూడా. ముందు ఆసుపత్రి, బడి, నీళ్ల ట్యాంకు, వంతెన. తర్వాత కింద పార్కింగ్ వదిలేసిన పాత అపార్ట్‌మెంట్లు. కొత్తగా కట్టేవైతే ఇంకా తేలిక. కాంక్రీట్ పోయకముందు సరిచేయడానికీ, పోశాక పిల్లర్ చుట్టూ తొడుగు వేయడానికీ ఖర్చులో పోలికే లేదు.

కాబట్టి ఇల్లు కట్టేవాళ్లూ, ఫ్లాట్ కొనేవాళ్లూ అయిదు సంగతులు అడగండి. మట్టి పరీక్ష చేయించారా, రిపోర్ట్ ఏది? స్ట్రక్చరల్ డ్రాయింగ్ మీద జోన్ ఎంత అని రాశారు, ఏ రకం ఫ్రేమ్ అని రాశారు? రింగుల కొనలు 135 డిగ్రీలు వంచారా, బీము దగ్గర రింగులు దగ్గరగా ఉన్నాయా? కింద పార్కింగ్ వదిలితే కొన్ని పిల్లర్ల మధ్య కాంక్రీట్ గోడలు లేపడం లాంటి ఏర్పాటు ఏదైనా ఉందా? ప్లానులో లేని పెంట్‌హౌస్ పైన ఎక్కిస్తున్నారా? సమాధానం చెప్పలేని బిల్డర్ కోప్పడతాడు. పడనివ్వండి. జీవితకాలపు సంపాదన పోసేది మీరు, ఆయన కాదు.

మున్సిపాలిటీల్నీ ఒకటి అడగాలి. ప్లాను పాస్ చేసేటప్పుడు సెట్‌బ్యాక్ అంగుళాలతో సహా కొలిచే అధికారులు, కాంక్రీట్ పోసే ముందు రోజు ఒక్కసారి వచ్చి పిల్లర్ ఇనుము చూసి సంతకం పెట్టే ఏర్పాటు ఎందుకు లేకూడదు? గోదావరి లోయ వెంబడి పట్టణాలకూ, కృష్ణా డెల్టా నగరాలకూ వీధి స్థాయి నేల మ్యాపులు తయారుచేసి, మీసేవలో అడంగల్ తీసుకున్నంత తేలిగ్గా జనానికి ఎందుకు ఇవ్వకూడదు? దేశంలోనే పేరున్న భూభౌతిక సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. మనిషి కొరత కాదు, అడిగేవాళ్ల కొరత.

స్లాబ్ వేసే రోజున మనకో అలవాటుంది. కొబ్బరికాయ కొడతాం, పనివాళ్లందరికీ భోజనాలు పెడతాం. మంచి అలవాటు. దానికి ఇంకోటి కలపండి. పిల్లర్లకు చెక్కలు బిగించేలోగా, తెల్లారి కాస్త ముందుగా సైటుకి వెళ్లండి. ఒక్కో పిల్లర్ దగ్గరా ఆగండి. రింగు కొన పట్టుకుని చూడండి, లోపలికి వంగి ఉందా అని. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కాంక్రీట్ పడ్డాక దాన్ని చూసే భాగ్యం ఎవరికీ ఉండదు.